ఇంకా తెల్లబడని గుర్రం

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి పెళ్ళిళ్ళ సీజను అది. సూరత్‌లో డుమస్ వెళ్ళే రోడ్డు పక్కనున్న ఒక లాయంలో నేను జమాదార్ని. గుర్రాన్ని చూసుకునేవాణ్ణి అక్కడ ఖాస్‌దార్ అంటారు. ఒక్కొక్క ఖాస్‌దార్ చేతికింద రెండు మూడు గుర్రాలుంటాయి. ఖాస్‌దార్లందరినీ చూసుకునేవాడు జమాదార్. జమాదార్‌ని చూసుకునేవాడు మాత్రం ఎవడూ ఉండడు. ఈ చివరి సంగతి ఉద్యోగంలో చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు.

నా పేరు నర్సయ్య. సూరత్ రైలు దిగిన వారానికే నర్సుభాయ్ అయ్యాను. మాది సిరిసిల్ల వైపు. అయిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ ఒక లెక్క తెగలేదు. ఆయన బడిలో ఉండిపోయాడు, నేను బయటికొచ్చేశాను. మా వాళ్ళందరిలాగే బట్టల ఊరికి వచ్చాను గానీ మగ్గం మీద కూర్చోలేదు. రంగుల మిల్లులో షేడ్ కలిపే పనిలో చేరాను. గిరాకీ పంపిన గుడ్డ ముక్క పక్కన మనం అద్దిన గుడ్డ పెట్టి, రెండూ ఒకటేనా కాదా చెప్పాలి. కిటికీ వెలుగులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూడాలి. ఎండలో కవలపిల్లల్లా ఉన్న రెండు రంగులు లైటు కిందికి రాగానే ఎవరో ఎవరికో అన్నట్టు విడిపోతాయి. ఆ విడిపోవడాన్ని ముందే పట్టుకోవడమే ఉద్యోగం. చాలా ఏళ్ళు పట్టుకున్నాను. చివరికి రంగునీళ్ళకు చేతుల తోలు ఊడిరావడం మొదలై, డాక్టరు ఆ పని మానమన్నాడు.

అప్పటికే నా భార్య పోయింది. పిల్లలు లేరు. ఎక్కడ పని దొరికితే అక్కడే పడుకోవచ్చు, ఆ సౌకర్యం ఉంది. లాయం యజమానిని అందరం శేఠ్ అనేవాళ్ళం. నేను పనికోసం వెళ్ళిన రోజు ఆయన నా సర్టిఫికెట్లు అడగలేదు. అడిగినా అయిదో తరగతి దాకానే చూపించేవాణ్ణి. వరసగా కట్టేసిన తెల్ల గుర్రాల ముందు నిలబెట్టి, వీటిలో ఏ రెండు ఒకటో చెప్పమన్నాడు. ఏ రెండూ ఒకటి కావన్నాను. ఆయన నవ్వి, రేపటినుంచి రమ్మన్నాడు.

పెళ్ళి లాయంలో రంగే కులం, రంగే గోత్రం. చదివేవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. మనకు తెల్ల గుర్రంగా కనిపించేది రెండు రకాలు. పుట్టుకతోనే తెల్లగా, రోమాల కింద తోలు గులాబీరంగులో ఉండేది నుక్రా. పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో ఉండి, ఏడాదికి కొంత నెరుస్తూ, బూడిదరంగు మీదుగా వచ్చి చివరికి మల్లెపువ్వులా అయ్యేది సబ్జా. సబ్జాకు తోలు నల్లగానే ఉంటుంది, మూతి దగ్గర తెలిసిపోతుంది. నా జుట్టు సబ్జా జాతిది. నాలుగు కాళ్ళూ, ముఖమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి, దానికి ఎప్పుడూ గిరాకీయే. ఒక్క కాలే తెల్లగా ఉంటే బేరగాళ్ళు పెదవి విరుస్తారు. సుడి తప్పుచోట ఉంటే మొహం తిప్పేసుకుంటారు. తన సుడి ఎక్కడుందో గుర్రానికి తెలియదు కాబట్టి అది మాత్రం సుఖంగానే ఉంటుంది. ఇక నిండు నల్ల గుర్రం పెళ్ళికి పనికిరాదు. మా శేఠ్ నల్లదాన్ని డుమస్ బీచ్‌లో భజియాల బండ్ల దగ్గర, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకోవడానికి కూడా ముందు వరసలో నిలబెట్టనిచ్చేవాడు కాదు.

మా లాయానికి పేరు తెచ్చింది బగ్గీ. దానికి కట్టే ఆడగుర్రాల జత హంస, చాందనీ. హంస నుక్రా, చాందనీ సబ్జా. పట్టిపట్టి చూస్తే రెండు తెలుపులూ వేరు. కానీ కడిగాక చివరి నీళ్ళలో ఇద్దరికీ కాస్త నీలిమందు కలిపి, మూతులకు వెండి చిక్కాలు తగిలిస్తే ఎవరూ కనిపెట్టలేరు. ఏళ్ళ తరబడి ఎవరూ కనిపెట్టలేదు.

మిల్లులో ఉన్నప్పుడు నా చుట్టూ తెలుగు వినబడుతూనే ఉండేది. లాయంలో నాతో కలిపి తెలుగు తెలిసినవాళ్ళు ముగ్గురం. మిగతా ఇద్దరూ ఈ గుర్రాలు. మాటలు నేర్పింది నేనే కదా, నాకు వచ్చిన భాషే నేర్పాను. "నడువు బిడ్డా" అంటే కదిలేవి. "జర ఆగు" అంటే ఆగేవి. చాందనీ ఒక్కోసారి విననట్టు నటించేది. హంస ఎన్నడూ నటించలేదు. సాయంత్రం మాలిష్ చేస్తూ ఊరి సంగతులూ, కూరల ధరలూ, శేఠ్ మీద చాడీలూ అన్నీ చెప్పేవాణ్ణి. మధ్యలో అడ్డురాకుండా వినేవాళ్ళు దొరకడం సూరత్‌లో కష్టం.

శేఠ్‌కు చాందనీ కడుపున ఒక తెల్లపిల్ల కావాలనిపించింది. కొనే ఖర్చు తప్పుతుందని ఆయన ఆలోచన. సౌరాష్ట్రలో పేరున్న ఒక నుక్రా మగగుర్రం దగ్గరికి తోలించాడు. పదకొండు నెలలు ఎదురుచూశాక చాందనీ ఈనింది. పిల్ల కొత్త గొడుగులా నిగనిగలాడుతూ నల్లగా ఉంది. శేఠ్ చూసి, వెళ్ళి కారులో కూర్చున్నాడు. తర్వాత ఆ మగగుర్రం యజమానితో చాలాకాలం మాట్లాడలేదు. రాత్రికి రాత్రి గుర్రాన్ని మార్చేశాడని ఆయన అనుమానం. నేను పిల్ల కళ్ళచుట్టూ చూశాను. కనురెప్పల పక్కన, కళ్ళజోడు పెట్టుకున్న అచ్చులాగా సన్నగా తెల్లవెంట్రుకలున్నాయి. సబ్జా రక్తం దిగిన పిల్లకు మొదటి గుర్తు అదే. తల్లీ తండ్రీ ఇద్దరూ తెల్లగా కనిపించినా పిల్ల తండ్రి తెలుపు పట్టుకుంటుందో, తల్లి నెరుపు పట్టుకుంటుందో, ఏదీ పట్టుకోదో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇది తల్లిని పట్టుకుంది. ఆగితే తెల్లబడుతుందని శేఠ్‌కు చెప్పాను.

"ఎన్నాళ్ళు ఆగాలి?" అన్నాడు.

"మీ అబ్బాయి కాలేజీ అయ్యేసరికి అవుతుంది, శేఠ్."

వాళ్ళబ్బాయి అప్పుడు ఆరో తరగతి. శేఠ్ పిల్లను లాయం వెనకవైపు కట్టించేశాడు. పేరు కూడా పెట్టలేదు. నేను బొగ్గు అని పిలిచాను. తల్లి పాలు మానిన తర్వాత కూడా, మేత వేళకు విప్పి తెస్తే బొగ్గు తినేది తల్లి తొట్టిలోనే. తల్లి ఒకవైపు, హంస ఒకవైపు, మధ్యలో నల్లటి మూతి.

నేను చెప్పబోయే సీజనుకు బొగ్గుకు మూడేళ్ళు నిండాయి. ఒళ్ళంతా ఇనుపరంగులోకి తిరిగి, అక్కడక్కడ పిండి చల్లినట్టు ఉండేది. దూరం నుంచి చూసేవాళ్ళకు నల్లదే. దీపావళి దాటిన వారంలో చాందనీకి కడుపుశూల వచ్చింది. పశువైద్యుడు వచ్చి చేయాల్సిందంతా చేశాడు. తెల్లవారేసరికి అది లేదు. నా పనిలో అది కొత్త కాదు. గుర్రం పోతే బండి పిలిపించాలి, మున్సిపాలిటీ మనుషులకు చెప్పాలి, ఆ చోట సున్నం చల్లాలి. అన్నీ చేశాను. హంస తొట్టివైపు తల తిప్పలేదు.

శేఠ్ బాధ ఇంకోటి. మూడు వారాల్లో ఊళ్ళోనే, అడాజన్ పేటలో ఒక పెద్ద పెళ్ళి ఉంది. వాళ్ళది బట్టల ప్రాసెసింగ్ వ్యాపారం, శేఠ్‌కు తండ్రి కాలం నుంచి గిరాకీ. తెల్లజత బగ్గీ అని మాట తీసుకున్నారు. మా రోడ్డులోనే ఇంకో లాయం కొత్తగా వెలిసింది. ఈ ఒక్క పెళ్ళి పోతే వెనకాల వచ్చేవన్నీ అటే పోతాయి. శేఠ్ హంస ముందు నిలబడి, జత లేని గుర్రమంటే ఒంటికాలి చెప్పు అన్నాడు. మూడు వారాల్లో జత కుదిరి బగ్గీ లాగితే సరే, లేకపోతే అమ్మేస్తానన్నాడు. ఎవరికి అని నేను అడగలేదు. వయసు మీదపడిన ఒంటరి ఆడగుర్రాన్ని కొనేవాళ్ళు ఎవరో, తర్వాత అవి ఎక్కడ తేలతాయో మా పనిలో అందరికీ తెలుసు.

కాబట్టి జత కోసం నేనే బయలుదేరాను. హంస తోకనుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి కాగితంలో చుట్టుకున్నాను. మిల్లులో గుడ్డముక్క జేబులో పెట్టుకుని తిరిగినట్టే. సౌరాష్ట్రలో గుర్రాలు పెంచే దర్బారులనే పాత జమీందారుల ఇళ్ళు ఒక్కొక్కటే తిరిగాను. ఆ పెద్దలను బాపు అని పిలవాలి, టీ రెండుసార్లు తాగాలి, మూడోసారి పోస్తుండగా గుర్రం మాట ఎత్తాలి. తొందరపడితే ధర పెరుగుతుంది. ఒక బాపు దగ్గర దొరికింది, పేరు రేషమ్. నుక్రా. ఎండలో చూశాను, లాయం లోపల బల్బు కింద చూశాను, తడిపి చూశాను. గులాబీ తోలూ, పాలరోమాలూ, తోక చివర కాస్త పసుపుచాయ కూడా హంసదే. మిల్లులో ఉన్నన్నాళ్ళూ అంత మంచి షేడ్ నాకు కుదరలేదు. రేషమ్ లారీ దిగగానే శేఠ్ నన్ను కౌగిలించుకున్నాడు. నాకు తెలిసి ఆయన అంతవరకు కౌగిలించుకున్నది గుర్రాలనే.

రెండింటినీ పక్కపక్కన కట్టాం. హంస చెవులు వెనక్కి వాల్చి, వీపు తిప్పి నిలబడింది. తొట్టి ఒకటే పెడితే తినలేదు, వేరే పెట్టినా రెండు పోచలు కొరికి వదిలేసింది. బగ్గీకి కడితే ఇరుసు మీద తన్నింది. రేషమ్ పాపం బుద్ధిమంతురాలు. కొత్తకోడలిలా తలవంచుకుని నిలబడేది. నేను "నడువు బిడ్డా" అన్నాను. హంస నా వైపు చూసి మళ్ళీ గోడవైపు చూసింది. అన్నేళ్ళలో అది నా మాట విననిది అదే మొదలు. తోడు పోయినవాళ్ళకు మాటలు సరిగా వినబడవు. ఆ సంగతి నాకు వేరేచోట తెలిసిందే కాబట్టి రెండోసారి అనలేదు.

వారం గడిచాక ఒక ఉదయం, తల్లి పోయాక మేత కూడా వెనకవైపే వేస్తున్న బొగ్గు తాడు తెంచుకుని ముందుకొచ్చింది. మేం పట్టుకునేలోగా అది హంస ముందున్న తొట్టిలో మూతి పెట్టి ఉలవలు మేయడం మొదలుపెట్టింది. హంస దాని మెడ వాసన చూసింది. ఒకసారి ముక్కుతో బలంగా ఊపిరి వదిలి, తనూ తలవంచి తింది. ఖాస్‌దార్లు చప్పట్లు కొట్టబోతే ఆపాను. గుర్రం ముందు చప్పట్లు కొట్టకూడదన్నది మా పనిలో మొదటిరోజు పాఠం.

అదేరోజు ఒక పరీక్ష చేశాం. హంసనూ రేషమ్‌నూ బగ్గీకి కట్టి, ముందు నేను బొగ్గును చేత్తో పట్టుకుని నడిచాను. బగ్గీ కదిలింది. బొగ్గును పక్కకు తీసుకుపోతే హంస ఆగిపోయింది. మళ్ళీ ముందుకు తెస్తే కదిలింది. శేఠ్ కుర్చీలోంచి లేచాడు.

"వరఘోడోలో ముందు నల్ల గుర్రాన్ని నడిపిస్తావా, నర్సుభాయ్? నన్ను సూరత్ దాటేదాకా తరుముతారు."

వరఘోడో అంటే అక్కడ పెళ్ళికొడుకు ఊరేగింపు. పేరులోనే గుర్రం ఉంది, ఆ గుర్రం ఏ రంగుదో అందరికీ తెలుసు.

"నల్లదని ఎవరికి తెలుస్తుంది, శేఠ్? బట్టల ఊళ్ళో ఉండి గుర్రానికి బట్ట దొరకదా?"

గుర్రం మీద పరిచే అలంకారపు గుడ్డను ఝూల్ అంటారు. మామూలు ఝూల్ నడుము మీదే ఉంటుంది. నాకు చెవుల నుంచి డెక్కల దాకా కప్పేది కావాలి, కళ్ళకూ మూతికీ మాత్రమే కంతలుండాలి. అట్లాంటిది కుట్టే దర్జీ నాకు తెలియదు. సూరత్ అవతలి కొసన కోసాడ్‌లో ఉండే లచ్చవ్వ గుర్తొచ్చింది. మా వైపు మనిషే. భర్త మగ్గాల కార్ఖానాలో ఉంటాడు, ఆమె ఇంట్లో చీరలకు జరీ అంచులు కుడుతుంది. మిల్లు రోజుల్లో పరిచయం. నేను గుమ్మంలో నిలబడి సంగతి చెప్తుంటే మిషన్ ఆపి నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"ఏంది నర్సన్నా, గిన్నేండ్లకు వస్తివి, లగ్గం మాట చెప్తవేమో అనుకున్న. గుర్రానికి రైక కుట్టమంటవా?"

"రైక కాదక్కా, బుర్ఖా అసొంటిది. నిండుగ ఉండాలె."

"కొలతలు ఎవరు తీస్తరు? నేను చెయ్యి పెడితే తన్నదా?"

"తన్నది. జర సిగ్గుపడ్తది గంతే."

"సిగ్గుపడేదానికే గద రైక కుట్టేది! ఎంత వెడల్పుంటది నడుము?"

"నీ కన్న తక్కువనే."

ఆమె కత్తెర ఎత్తింది. నేను రెండు మెట్లు దిగాను. నవ్వి నవ్వి ఆగాక, నల్లదాన్ని ఎందుకు దాచిపెడుతున్నావని అడిగింది. హంస సంగతి చెప్పాను. లచ్చవ్వ దారం కొసను నోట్లో తడిపింది.

"దాన్ని చూస్తే ఇది మేస్తదా? మంచిగుంది. నిన్ను ఎవరిని చూపిస్తే మేస్తవో చెప్పు, గామెకు గుడ రైక కుడ్త."

కొలతలు రాయించి వచ్చేశాను. తెల్ల శాటిన్ మీద అంచులకు చీరల జరీ వేసి, చెవులకు కుచ్చులు పెట్టి కుట్టింది. మెడ కింద గాలాడడానికి చీలిక కూడా పెట్టింది. అది నాకు తోచలేదు, ఆమెకే తోచింది. ఇచ్చేటప్పుడు మాత్రం, "పైలం నర్సన్నా, ఎండల నడిపిస్తే ఉక్కపోస్తది దానికి" అంది.

పెళ్ళిరోజు సాయంత్రం, ఎండ ఇంకా మేడల మీదుండగానే అడాజన్‌లోని వాళ్ళ అపార్టుమెంట్ల సొసైటీ గేటు ముందు నిలబడ్డాం. ముందు బొగ్గు, నిలువెల్లా శాటిన్‌లో. వెనక బగ్గీకి హంస, రేషమ్. హంస చెవులు ముందుకు నిక్కి ఉన్నాయి. బ్యాండువాళ్ళు మొదలుపెట్టినా బెదరలేదు. ఫోన్లతో ఫోటోలు తీస్తున్నవాళ్ళంతా బొగ్గు చుట్టే చేరారు. ముసుగులో ఉన్నదానికే ఎప్పుడూ గిరాకీ ఎక్కువ. శేఠ్ నా వైపు చూసి తల ఊపాడు. అంతా కుదిరిందనుకున్నాం.

మేం లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. పెళ్ళికొడుకు బయలుదేరే ముందు, నానబెట్టిన శనగపప్పు పళ్ళెంలో తెచ్చి అతని చెల్లెలు గుర్రాలకు తినిపిస్తుంది. ఇది మాకు తెలిసిందే, బగ్గీ గుర్రాలకు తినిపిస్తుందని సిద్ధంగానే ఉన్నాం. ఆ పిల్ల హంసకు పెట్టింది, రేషమ్‌కు పెట్టింది. కుర్చీలో కూర్చున్న నాయనమ్మ, అక్కడ బా అంటారు, గట్టిగా కేకవేసింది.

"ముందు నడిచేదాన్ని వదిలేసి వెనకవాటికి పెడతావా? అది ఇంటికి పెద్దకోడలు. మొదట దానికే పెట్టాలి!"

నేను మూతి దగ్గరి కంతలోంచే పెట్టించబోయాను. బొగ్గుకు శనగపప్పు చాలా ఇష్టం. పళ్ళెంలోకి తల దూర్చింది. పళ్ళెం అంచుకు చిక్కుకుని ముసుగు మొత్తం వెనక్కి జారింది. ఇనుపరంగు తల, నల్లటి మూతి, మూతినిండా పప్పు. బ్యాండువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. పెళ్ళికొడుకు మేనమామ ముందుకొచ్చి, కాళో, కాళో అంటూ శేఠ్ మీదికి లేచాడు. మంగళకార్యానికి నల్లదాన్ని బట్టలో చుట్టి తెస్తారా, ఇది మోసం కాదా అన్నాడు. శేఠ్ ముఖం అప్పుడు నిజమైన నుక్రాలా ఉంది.

ఇంకేం చేయాలో తోచక నోటికి వచ్చింది అన్నాను.

"బా, ఇది తెల్ల గుర్రమే. ఇంకా ఉతుకులో ఉంది."

బట్టల వ్యాపారం చేసే ఇల్లు కాబట్టి ఇద్దరు ముగ్గురు నవ్వారు. బా నన్ను దగ్గరికి రమ్మంది. బొగ్గును తీసుకుని వెళ్ళాను. కళ్ళచుట్టూ తెల్లవెంట్రుకలు చూపించాను, మెడ మీద పిండి చల్లినట్టున్నది చూపించాను. దీని తల్లి ఇదే సొసైటీలో చాలామంది పెళ్ళికొడుకులను మోసిందని, పోయిన నెలే చచ్చిపోయిందని, అదిగో ఆ తెల్లది దీన్ని చూడకపోతే అడుగు వేయదని చెప్పాను. బా బొగ్గు కన్ను దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత మేనమామ వైపు తిరిగింది.

"నేను తెల్లజుట్టుకు నల్లరంగు పూసుకుంటే మీరెవరూ మోసమనలేదు. ఇది పూయకుండానే తెల్లబడుతోందట, దానికెందుకు గోల? ఏయ్ బ్యాండూ, ఎవరు ఆపమన్నారు?"

పళ్ళెంలో మిగిలిన పప్పు ఆమే బొగ్గుకు పెట్టింది. ముసుగు మళ్ళీ తొడగనివ్వలేదు, ఎండకు ఉక్కపోస్తుందంది. ఆ ఒక్క మాటా లచ్చవ్వ కూడా అంది కదా అనుకున్నాను. వరఘోడో నల్లటి తలతోనే కదిలింది. పెళ్ళి జరిగే పార్టీ ప్లాటు దాకా హంస ఒక్కచోట కూడా ఆగలేదు. సిగ్నల్ దగ్గర "జర ఆగు" అన్నప్పుడు తప్ప.

పెళ్ళి బాగా జరిగినంత మాత్రాన హంసను అమ్మాలన్న శేఠ్ లెక్క మారలేదు. మారాలని నేను అనుకోలేదు. రెండు గుర్రాల బగ్గీకి మూడు గుర్రాలను ప్రతిసారీ తీసుకెళ్ళడం కుదరదు. ప్రతి ఇంట్లోనూ ఒక బా ఉండదు. రేషమ్‌కు కొత్తగా తెచ్చిన ఇంకో తెల్లదాన్ని జత కట్టారు. రేషమ్ ఎవరితోనైనా నడుస్తుంది. రేషమ్‌ను అమ్మిన బాపు, హంసది తన గుర్రాల రంగేనని విని చూడడానికి వచ్చాడు. ఇంకో రెండు ఈతలకు పనికొస్తుంది, నుక్రా వంశం నిలుస్తుందన్నాడు. ఒంటరి గుర్రాలు చివరికి తేలే చోటు కన్నా అది చాలా మంచి చోటు. బేరం కుదిరింది. బొగ్గును కూడా తీసుకెళ్ళమన్నాను. బాపు మర్యాదగానే వద్దన్నాడు. నల్లవి ఆయన ఇంటి గుమ్మం దాటవట. కళ్ళచుట్టూ తెల్లవెంట్రుకలు చూపించాను. చూశాడు, ఒప్పుకున్నాడు, తెల్లబడ్డాక కబురు చేయమన్నాడు.

లారీ వచ్చింది. వెనక తలుపు దించి బల్ల వాల్చారు. హంసను ఎక్కించబోతే ఎక్కలేదు. బాపు మనుషులు ముందునుంచి లాగారు, వెనకనుంచి తోశారు, తోక పట్టుకున్నారు, బెల్లం చూపించారు. హంస బల్ల ముందు నాలుగు కాళ్ళూ పాతేసింది. బగ్గీ సంగతి వేరు. లారీ ఎక్కడం దానికి మొదటినుంచీ నా మాట మీదే అలవాటు. "నడువు బిడ్డా" అని నేను ఒక్కసారి అంటే ఎక్కేది. ఆ సంగతి అక్కడ నాకూ హంసకూ తప్ప ఎవరికీ తెలియదు. అది నా వైపే చూస్తూ నిలబడింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, సున్నం వేసిన గోడవైపు చూశాను.

ఎండ నెత్తిమీదికొచ్చింది. బాపు చెమట తుడుచుకుంటూ ఏదో ఒకటి చెయ్యి నర్సుభాయ్ అన్నాడు. నాకు తెలిసింది ఒకటే బాపు, బొగ్గును ముందు ఎక్కించి చూడండి అన్నాను. బొగ్గును తెచ్చి బల్ల మీద నడిపించాను. అది టకటకా ఎక్కి లోపల గడ్డి వెతుక్కుంది. హంస కాసేపు చూసింది. తర్వాత ఎవరూ పట్టుకోకుండానే ఎక్కి దాని పక్కన నిలబడింది. ఇప్పుడు బొగ్గును దించాలి. బాపు మనిషి దాని తాడు పట్టుకోగానే హంస కూడా కదిలింది. వదిలేస్తే నిలబడింది. బాపు శేఠ్ వైపు చూశాడు, శేఠ్ నా వైపు చూశాడు. నల్లదాన్ని పోషించే భారం పోతుందని శేఠ్‌కు లోపల సంతోషమే. తలుపు మూసేయమన్నాడు.

అట్లా ఒకేరోజు లాయంలో తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురిలో ఒక్కణ్ణే మిగిలాను. బొగ్గు కూడా నేర్చుకుంటోంది కాబట్టి ముగ్గురమనే లెక్క.

కొన్నాళ్ళకు బాపు మనిషి ఫోన్ చేశాడు. హంస మంచిగానే ఉంది, తింటోంది. కానీ ఏ మాట చెప్పినా ఆగడం లేదట, నువ్వేమని ఆపుతావని అడిగాడు. జర ఆగు అనమన్నాను. అతను నాలుగైదుసార్లు అన్నాడు. హంస ఆగలేదు. నాకే నవ్వొచ్చింది, ఆ యాసకు ఎవరాగుతారు? ఫోన్ దాని చెవి దగ్గర పెట్టమన్నాను. డెక్కల చప్పుడు వినిపిస్తోంది. జర ఆగు బిడ్డా అన్నాను. చప్పుడు ఆగిపోయింది. అతను ఫోన్ తీసుకుని, ఆగింది భాయ్, ఆగి నాలుగువైపులా చూస్తోంది అన్నాడు. నేర్పించే వరకు ఇంక నాకు ఫోన్ చేయవద్దని, మెల్లగా వాళ్ళ మాటే నేర్పమని చెప్పాను. వేరేచోట బతికేవాళ్ళకు అక్కడి మాట రావాలి. రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకన్నా తగినవాడు లేడు.

కొన్నేళ్ళు గడిచాయి, ఇప్పుడు నేను పని మానేసి కోసాడ్‌లో ఉంటున్నాను. మూడో అంతస్తు, గుర్రాలు ఎక్కలేని చోటు. రెండు వీధుల అవతల లచ్చవ్వ మిషన్ ఉంది. బాపు మనిషి మొన్న ఒక ఫోటో పంపాడు. గడ్డిబీడులో రెండు తెల్ల గుర్రాలు ఒకే తొట్టి ముందు. ఒకదాని మూతి గులాబీరంగు, రెండోదానిది నలుపు. ఎండలో తెలుపు తేడా దొరకలేదు. గదిలో ట్యూబులైటు కింద కూడా చూశాను, దొరకలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇదే. జత కట్టేటప్పుడు రంగు చివర చూడండి. ముందు రెండింటినీ ఒకే తొట్టి దగ్గర మేపి చూడండి. కలిసి మేస్తే కట్టండి, మేయకపోతే ఎంత మంచి తెలుపైనా వెనక్కి పంపండి. రంగుకు నీలిమందు ఉంది, శాటిన్ ఉంది, కొన్నేళ్ళ ఓపిక ఉంది. తొట్టి దగ్గర కలవనిదానికి మా పనిలో ఏ మందూ లేదు.